పేరు రాయలేదు గదా!

హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. సంక్రాంతికి నాలుగు రోజులుంది. హాల్లో పాత ధోవతి పరిచి సరోజన సకినాలు చుడుతోంది. మణికట్టు దాకా తడి పిండి, నువ్వులు. కుర్చీలో సమ్మయ్య ఫోను పట్టుకుని యుద్ధం గెలిచినట్టు కూర్చున్నాడు.

సమ్మయ్య: పెట్టేసిన! "మోటారు రిపేరు పైసలు ట్యాంకులకు పోయినయా, ఎవరి కడుపులకన్నా పోయినయా?" అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపంతా గప్‌చుప్.

సరోజన: ప్రెసిడెంట్ సారు పరువునష్టం కేసు వేస్తే మీరూ గప్‌చుపే.

సమ్మయ్య: పేరు రాయలేదు గదా!

సరోజన: అపార్ట్‌మెంట్‌కు ఎంతమంది ప్రెసిడెంట్లున్నరు? పైగా బట్టతల బొమ్మొకటి పెట్టిరి. ఎవరిని అన్నరో చదివినోళ్లకు తెలిస్తే చాలట.

సమ్మయ్య: నేను ప్రశ్న అడిగిన. నింద వేయలేదు.

సరోజన: వెటకారంగా అన్నా పరువునష్టమే కావచ్చని చట్టంలోనే ఉందట. మా తమ్ముడు చెప్పిండు.

సమ్మయ్య: నీ తమ్ముడు వాదించిన కేసుల కంటే అదాలత్ కాడ తాగిన చాయ్‌లే ఎక్కువ. పోస్టులు పెడితే పట్టుకునే సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లనే కొట్టేసింది.

సరోజన: అది ఐటీ చట్టంల 66ఏ. ఇది వేరే. పరువునష్టాన్ని నేరంగా చూసుడు చెల్లుతుందని అదే సుప్రీంకోర్టు 2016ల చెప్పింది.

సమ్మయ్య: ఆ పరువునష్టం సెక్షన్, ఐపీసీ 500 కూడా పోయింది గదా!

సరోజన: పోయి 356 అయి వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ జాగల భారతీయ న్యాయ సంహిత. రెండేళ్ల దాకా జైలు, లేకుంటే జరిమానా, లేకుంటే రెండూ, అదీ కాకుంటే సమాజ సేవ. అగో, మీ లొల్లికి సకినం తెగింది!

సమ్మయ్య: సమాజ సేవ అంటే ఏం చేయిస్తరు?

సరోజన: ఏమో, భద్రకాళి చెరువు గట్టు ఊడిపిస్తరేమో. ముందు మీకు చీపురంటే ఏందో చూపియ్యాలె.

సమ్మయ్య: నిజం రాస్తే తప్పేంది?

సరోజన: నిజమైతేనే సరిపోదు, నలుగురి మేలు కోసం రాసినట్టు కూడా ఉండాలె. ఇంతకూ మీ దగ్గర రుజువేంది?

సమ్మయ్య: (గొంతు తగ్గించి) వాళ్లింట్ల కొత్త ఫ్రిజ్ దిగింది.

సరోజన: మనింట్ల కొత్త టీవీ దిగలేదా?

సమ్మయ్య: ...పోలీసులొచ్చి పట్టుకపోతరా?

సరోజన: రారు. ఆయన మేజిస్ట్రేట్ కాడ ఫిర్యాదు ఇస్తడు, మీరు వాయిదాలకు తిరుగుతరు. నష్టపరిహారానికి సివిల్ దావా వేరే.

సమ్మయ్య: మరి గ్రూపు అడ్మిన్? ఆయన నిద్రపోతున్నడా?

సరోజన: సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022ల చెప్పింది. అన్నట్టు, మీ అక్క దాన్ని సిద్దిపేట చుట్టాల గ్రూపుకు పంపింది. ఫార్వర్డ్ చేసినోళ్లకూ బాధ్యత తప్పదని 2023ల మద్రాసు హైకోర్టు...

సమ్మయ్య: అక్క కూడానా! ఆగు, తీసేస్త. ఆ, తీసేసిన. చూడు, ఏం లేదు.

సరోజన: ఏది నొక్కిండ్రు?

సమ్మయ్య: "డిలీట్ ఫర్ మీ." నా కోసమే గదా తీసేది!

(సరోజన చిటికెన వేలు కొంగుకు తుడుచుకుని తన ఫోను చూసింది.)

సరోజన: మీ ఒక్కరికే పోయింది. అందరికీ నిమ్మళంగ ఉంది. కింద ప్రెసిడెంట్ సారు ఫొటో కూడా పెట్టిండు.

సమ్మయ్య: ఏం ఫొటో?

సరోజన: మోటారు బిల్లు. లెక్క చూసుకున్నట్టు కింద మీ సంతకం. మనకిచ్చిన కాపీ ఏం చేసిండ్రు?

(సమ్మయ్య లేచి, టీవీ స్టాండు కాలు కింద ఎత్తుకు పెట్టిన నాలుగు మడతల కాగితం మెల్లగా లాగాడు. టీవీ ఎడమకు ఒరిగింది.)