పాత డీజిల్‌కి చావు లేదట!

యూకేలో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. నాకు నాలుగుసార్లు వచ్చింది, అందులో రెండుసార్లు పంపింది మా బావమరిదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "లండన్‌లో అద్దెలు కట్టి చచ్చే బదులు పాత ఇంజన్ ఉన్న నారోబోటు (ఇక్కడి కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ) కొనుక్కోండి. 1930ల నాటి డీజిల్‌కి చావు లేదు. రోజూ మూడు గంటలు ఐడిల్‌లో (పడవ కదలకుండా ఊరికే నడుస్తూ) వదిలేస్తే బ్యాటరీలు నిండుతాయి, ఇంజన్‌కీ మంచిది. నల్ల పొగ వస్తే ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చండి. స్టార్ట్ కాకపోతే ఈథర్ స్ప్రే కొట్టండి. ఏ ఆయిల్ పోసినా తాగుతుంది. ఇప్పటి డీజిల్‌లో గంధకం లేదు కాబట్టి టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. మెకానిక్‌తో పనే ఉండదు."

నేను ఏడేళ్లుగా అలాంటి పడవలోనే కాపురం ఉంటున్నాను. ఇంజన్ లిస్టర్ జేపీ2, రెండు సిలిండర్లు, గ్లోస్టర్‌షైర్‌లోని డర్స్‌లీలో తయారైనది. దానిమీద నాకు ప్రేమే తప్ప ఫిర్యాదు లేదు. అందుకే ఈ ఫార్వర్డ్ చూస్తే ఒళ్లు మండుతుంది. ప్రతి మాటలోనూ సగం నిజం ఉంది. కొంప ముంచేది ఆ సగమే.

ఈ ఇంజన్లు మొండివన్న పేరు ఊరికే రాలేదు. గ్రాండ్ యూనియన్ కాలువ మీద ఇంజన్ ఉన్న పడవ ఒకటి, దాని వెనక తాడు కట్టిన ఇంజన్ లేని పడవ ఒకటి, రెండింట్లో కలిపి 50 టన్నుల సరుకు. పొద్దున లేచింది మొదలు చీకటిపడేదాకా అదే లాగుడు. రసెల్ న్యూబరీ, నేషనల్, స్వీడన్ నుంచి వచ్చిన బోలిండర్, ఇవన్నీ ఆ చాకిరీలో పేరు తెచ్చుకున్నవే. ఆథర్‌స్టోన్ వైపు నుంచి సౌతాల్‌లోని జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు మోసే బేరం 1970లో ఆగిపోయింది. అలాంటి దూరప్రయాణాల్లో దాదాపు చివరిది అదే. (అవును, ఇప్పుడు మనం జిలేబీ తినడానికి వెళ్లే సౌతాలే.) ఇవాళ అదే ఇంజన్ మోసేది ఒక మంచం, ఒక పొయ్యి, మనం. అదీ గంటకు 4 మైళ్లు దాటకూడదన్న కాలువలో. చాకిరీ చేసే ఇంజన్ గురించి పుట్టిన మాటల్ని రిటైరైన ఇంజన్‌కి అంటగడితే ఎలా?

ముందు ఐడిల్ సంగతి. నేను చూసినంతలో పాత ఇంజన్లను నిదానంగా చంపేది ఇదే. బ్యాటరీలు నింపే 70 ఆంపియర్ల ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర ఇచ్చేది ఇంచుమించు ఒక కిలోవాట్. నష్టాలు కలుపుకున్నా ఇంజన్ మీద పడే బరువు రెండు మూడు హార్స్‌పవర్. 20 హార్స్‌పవర్ ఇంజన్‌కి అది ఏ మూలకి? పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, మూడో గంటకి ఆ కాస్త బరువూ ఉండదు.

సిలిండర్ గోడలకి లోపల అడ్డదిడ్డంగా సన్నటి గీతలుంటాయి, తయారీలో కావాలని గీసినవి. ఆయిల్ పట్టుకుని నిలిచేది వాటిలోనే. పిస్టన్ రింగుల్ని గోడకి అదిమిపెట్టేది పైన మండే వాయువు ఒత్తిడి. బరువు లేనప్పుడు మంట చిన్నది, ఒత్తిడి చాలదు. రింగుల పక్కనుంచి ఆయిల్ పైకి పాకుతుంది, సగం కాలి ఆ గీతల్లో వార్నిష్‌లా గట్టిపడుతుంది. గోడ అద్దంలా మెరుస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం నిలవదు. బోర్ గ్లేజింగ్ అంటే ఇదే. నీలం పొగ, ఎగ్జాస్ట్ గొట్టం మూతి నుంచి పడవ కప్పు మీదికి కారే నల్లటి జిడ్డు, వారం వారం తగ్గిపోయే ఆయిల్, ఇవీ గుర్తులు. ముదిరాక ఇంజన్ విప్పి హోనింగ్ చేయించడమే, అంటే ఆ గీతలు మళ్లీ గీయించడం. ముదరకముందైతే థేమ్స్ లాంటి నదిలోకి దిగి, ప్రవాహానికి ఎదురు రెండు మూడు గంటలు గట్టిగా నడిపితే కొంత తేరుకుంటుంది.

మనవాళ్లు ఈ మాట తేలిగ్గా నమ్మడానికి కారణం ఉంది. చేలల్లో ఆయిల్ ఇంజన్ చూసి పెరిగినవాళ్లం. రాజ్‌కోట్‌లో పోతపోసిన ఆ ఇంజన్లలో చాలావాటికి మూలం ఈ డర్స్‌లీ లిస్టరే. మా పెదనాన్న ఇంజన్ తెల్లారుజామున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా టుక్కుటుక్కుమంటూనే ఉండేది, నిజమే. కానీ దాని మెడకి పంపు ఉండేది కదా! నిండుపైపు నీళ్లు తోడుతూ నడవడం వేరు, పొద్దుపోక నడవడం వేరు. బ్యాటరీల కోసమైతే కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకోండి. ఎలాగూ పక్కన పడవలున్నచోట రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కరెంటు కోసం ఇంజన్ నడపకూడదని పడవ లైసెన్స్ షరతుల్లోనే ఉంది.

ఇక నల్ల పొగ. నల్ల పొగ అంటే పడ్డ డీజిల్‌కి తగ్గ గాలి అందలేదని. ఇంజెక్టర్ సరిగ్గా చిమ్మకపోయినా వస్తుంది, కాదనను. కానీ కాలువలో మొదట అనుమానించాల్సింది ప్రొపెల్లర్‌ని. రెండేళ్ల కిందట నా ఇంజన్ ఉన్నట్టుండి బరువుగా మూలగడం మొదలుపెట్టింది, వెనక్కి చూస్తే బొగ్గులాంటి పొగ. పడవని గట్టుకి కట్టి, ఇంజన్ ఆపి, పడవ వెనకవైపు నేలలో, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన ఉండే వీడ్ హ్యాచ్ మూత తీసి, భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టాను. మార్చి నెల నీళ్లు, వేళ్లు కొయ్యబారిపోయాయి. ముందు గేలం తాడు తగిలింది, దాని కింద మెత్తగా ఏదో. రొట్టెల కత్తితో అరగంట కోస్తే బయటికొచ్చింది ఎవరిదో దుప్పటి, పువ్వుల డిజైను ఇంకా కనబడుతూనే ఉంది. ఇంజెక్టర్లు మార్చి ఉంటే వందల పౌండ్లు పోయేవి, దుప్పటి అక్కడే ఉండేది.

ఒక్క హెచ్చరిక. ఆ హ్యాచ్ మూత మళ్లీ బిగించకుండా ఇంజన్ స్టార్ట్ చేశారో, ప్రొపెల్లర్ విసిరే నీళ్లు లోపలికే వస్తాయి. పడవలు మునిగిపోయే దారుల్లో అదొకటి.

ప్రొపెల్లర్ శుభ్రంగా ఉండీ పొగ వస్తే గాలి వచ్చే దారి చూడండి. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందా, చలికి ఇంజన్ గది తలుపులూ కిటికీలూ బిగించేశారా? ఆ తర్వాతే ఇంజెక్టర్లు. అప్పుడు కూడా ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూడాలి. ఏది వదిలితే ఇంజన్ మోత మారదో ఆ సిలిండర్ పనిచేయడం లేదన్నమాట. గుడ్డ అడ్డం పెట్టుకోండి, వేలు మాత్రం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, నేరుగా ఆసుపత్రే. తెల్ల పొగ వేరే కథ: కాలని డీజిల్ అది. చల్లటి ఇంజన్‌లో కాసేపు వచ్చి పోతే పరవాలేదు, వేడెక్కాక కూడా పోకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని అదిమే ఒత్తిడి) మీద అనుమానపడాలి.

ఈథర్ గురించి ఎక్కువ చెప్పను: వద్దు. అది డీజిల్ కంటే చాలా ముందే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలితే రింగులు విరుగుతాయి. మీరు హ్యాండిల్ తిప్పుతుంటే అది వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉండాలని పాతవాళ్లు చెప్పేది అందుకే. చలికాలం కష్టమని ఆనాటి తయారీదారులకీ తెలుసు. గ్లాస్గోలో తయారైన కెల్విన్ కె ఇంజన్‌ని పెట్రోలుతో స్టార్ట్ చేసి తర్వాత డీజిల్‌కి మారుస్తారు. బోలిండర్‌కైతే ముందు బ్లోల్యాంప్ మంటతో సిలిండర్ తలని కాల్చాలి. మనం చేయగలిగింది అంతకంటే తేలిక. ఆ ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి చేత్తో తిప్పుతూ చెవి పెట్టండి. ఇంజెక్టర్ 'క్రీక్' మని మూలిగితే డీజిల్ అందుతున్నట్టే. మూలగకపోతే ముందు స్టాప్ లివర్ చూసుకోండి, రాత్రి ఆపినప్పుడు అక్కడే వదిలేసి ఉంటారు. నవ్వకండి, నేను దాంతో ఒక ఆదివారం సాంతం పోగొట్టుకున్నాను. డీజిల్ అందుతున్నా అంటుకోకపోతే సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి తిప్పండి. రింగుల సందులు మూసుకుని కంప్రెషన్ పెరుగుతుంది.

"ఏ ఆయిల్ పోసినా తాగుతుంది" అన్నది నిజమే, విషమిచ్చినా తాగుతుంది. ఈ తరం ఇంజన్లలో చాలావాటికి ఇప్పటి కార్లకున్నట్టు కాగితం ఫిల్టర్ ఉండదు, ఒక జల్లెడ ఉంటుంది అంతే. మురికి అడుగుకి దిగి కూర్చోవాలన్నది లెక్క. అందుకే ఎస్‌ఏఈ 30 లాంటి సాదా ఆయిల్. దశాబ్దాల మడ్డి పేరుకున్న ఇంజన్‌లో డిటర్జెంట్ ఎక్కువున్న పలచటి కారు ఆయిల్ పోస్తే ఆ మడ్డంతా లేచి బేరింగుల్లోకి వెళుతుంది. విప్పి శుభ్రం చేసి కట్టిన ఇంజన్‌కి ఈ భయం తక్కువ. కాబట్టి మీ ఇంజన్ చరిత్ర తెలిశాకే ఆయిల్ డబ్బా కొనండి. కొన్నిటికి వాల్వుల్ని తెరిచే రాకర్ల మీద రోజూ చేతి డబ్బాతో ఆయిల్ వేయాలి. సాయంత్రం ఆగాక స్టెర్న్ గ్లాండ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవ బయటికి వెళ్లేచోట నీళ్లు ఆపేది) గ్రీజు కప్పు ఒక చుట్టు తిప్పాలి, లేకపోతే షాఫ్ట్ పక్కనుంచి కాలువ ఇంట్లోకొస్తుంది. ఇవేవీ ఫార్వర్డ్‌లో లేవు.

ఆయిల్ కర్రని పొద్దున్నే చూసే అలవాటుందా? మట్టం తగ్గితే అందరూ కంగారుపడతారు. పెరిగితే అంతకంటే ఎక్కువ కంగారుపడాలి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు ఉన్న ఇంజన్లలో దాని పొర చిరిగితే డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. వేలికి రాసుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని. మట్టం మితిమీరితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటూ పరుగెత్తుతుంది. స్టాప్ లివర్ లాగినా ఆగదు, గాలి దారి మూయాల్సిందే. అందుకు సరిపడే చెక్కముక్క ఒకటి నేను ఇంజన్ పక్కనే పెట్టుకుంటాను.

టూ-స్ట్రోక్ ఆయిల్ మాట సగమే కరెక్టు. 2011 నుంచి ఇక్కడి పడవల డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 10 వంతులకి తగ్గించారు. గంధకం తీసే పద్ధతిలో సహజమైన జారుడుగుణమూ పోతుంది, అదీ నిజమే. కానీ దాన్ని సరిచేసే మందు అమ్మకముందే కలుపుతారు. అసలు బెడద గంధకం లేకపోవడం కాదు, నీళ్లు ఉండటం. డీజిల్‌లో 7 శాతం వరకు బయోడీజిల్ ఉండొచ్చు. అది తేమని పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున నీళ్లు చేరితే, నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది.

దాని రుచి నాకు హాటన్‌లో తెలిసింది. వార్విక్ దగ్గర 21 లాకులు వరసగా ఎక్కాలి. మూడో లాకులో ఇంజన్ నీరసించి ఆగింది. పది నిమిషాలు ఊరుకుని స్టార్ట్ చేస్తే బుద్ధిమంతుడిలా నడిచింది, ఐదో లాకులో మళ్లీ అంతే. ఆగినప్పుడు చెత్త కిందికి దిగుతుంది, నడిస్తే మళ్లీ లేచి ఫిల్టర్‌ని మూస్తుంది, అదీ దాని ఆట. ఫిల్టర్ విప్పితే లోపల తారులాంటి జిగురు. కొత్తది వేసి, ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూ వరసగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా గాలి తీశాను. వెనక రెండు పడవలు ఆగిపోయాయి, పాపం ఒకాయన టీ ఇచ్చాడు. అప్పటినుంచి మూడు నెలలకోసారి ట్యాంకు అడుగు నీళ్లు తీస్తున్నాను. మూత రబ్బరు రింగు కూడా మార్చాను, వాన నీళ్లు దిగింది దాని పక్కనుంచే.

మా బావమరిదికి ఇదంతా ఫోన్లో చెబితే, "అయితే కొనొద్దంటావా బావా?" అన్నాడు. కొనమనే అన్నాను. చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం చెప్పిన టైముకి గంట ముందే వెళ్లి, పలకరింపులు కాకముందే ఇంజన్ మీద చెయ్యి వేయమన్నాను. వెచ్చగా ఉందంటే చల్లగా ఉన్నప్పుడు అది స్టార్ట్ కాదేమో, అందుకే ముందే వేడెక్కించి పెట్టారేమో. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయమన్నాను.