ఫుల్‌స్కేప్ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఫుల్‌స్కేప్ కాగితం గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి.

అయ్యా, మా ఆఫీసుల్లో మీకున్న పరపతి అంతా ఇంతా కాదు. పొలం గట్టు తగాదా అయినా, బదిలీ కోసం వేడుకోలు అయినా, ఎడమ పక్క మార్జిన్ మడిచి "గౌరవనీయులైన" అంటూ మీ మీదే మొదలుపెట్టాం. నిండుగా, పొడుగ్గా ఉన్నారు కాబట్టి పేరులో ఉన్నది "ఫుల్" అనే అనుకున్నాం. తీరా చూస్తే మీరు ఫూల్స్ క్యాప్, అంటే దర్బారులో నవ్వించేవాడి టోపీ!

యూరప్‌లో కాగితం చేత్తో తీసే రోజుల్లో, తీగల వల బిగించిన చట్రం మీద సన్నటి తీగను బొమ్మలా వంచి కుట్టేవారట. గుజ్జు అక్కడ కాస్త పల్చగా పడుతుంది, ఆరాక వెలుతురుకి ఎత్తి చూస్తే బొమ్మ తేలుతుంది. మీ బొమ్మ కొసలకు గంటలు వేలాడే టోపీ. 15వ శతాబ్దం నుంచీ ఉన్నదే. పోనుపోను బొమ్మ మాయమైంది, పేరు మాత్రం సుమారు 13.5 × 17 అంగుళాల ఠావుకి అంటుకుపోయింది (మేం అర్జీలు రాసుకున్నది అందులో అరఠావు మీద).

1649లో ఇంగ్లండ్‌లో చార్లెస్ రాజు తల తీశాక, ఆయన్ని కూలదోసిన క్రామ్‌వెల్ మనుషులు కాగితంలోని రాజచిహ్నం పీకేసి వెక్కిరింతగా టోపీ పెట్టారని మీవాళ్లు చెప్పుకునే కథ ఉంది చూశారూ, అది ఉత్తదే. అప్పటికే ఆ టోపీ నూటయాభై ఏళ్లు దాటిన పాత సరుకు.

మీ బంధువులు, అంటే మిగతా కాగితం సైజులూ తక్కువ తినలేదు. క్రౌన్‌కి కిరీటం, పోస్ట్‌కి టపా బూర, పాట్‌కి ముంత. రాయల్, ఇంపీరియల్ అయితే ఏకంగా బిరుదులే, 14వ శతాబ్దంలోనే ఇటలీలోని బొలోన్యా ఊళ్లో వాటి కొలతలు రాతి మీద చెక్కించుకున్నారు. మా తెలుగు ప్రచురణకర్తలు ఇప్పటికీ పుస్తకం సైజు డెమీ, క్రౌన్ అనే చెబుతారు.

ఇప్పుడు ఏ4 వచ్చింది. 1922లో జర్మనీవాళ్లు లెక్కగట్టి చేసింది, సగానికి మడిచినా ఆకారం మారదు. పేరు కూడా పెట్టలేదు పాపం, ఖైదీకి ఇచ్చినట్టు ఒక నంబరు తగిలించారు. 2020లో సుప్రీంకోర్టు కూడా దానివైపే వెళ్లిపోయింది.

కావున మనవి చేసుకునేదేమనగా, తమరు రిటైరయ్యేటప్పుడు ఆ గంటల టోపీని మాత్రం ఇక్కడే వదిలి వెళ్లగలరు. అర్జీ తిరగేసి మరగేసి "రేపు రండి" అనే సీటు ఒకటుంది, అక్కడ కొలత తీయకుండానే సరిపోతుంది.

ఇట్లు,
తమ విధేయుడైన అర్జీదారు

జతపరిచినవి: ఇదే అర్జీ నకలు, ఏ4 మీద. దీన్ని తీసుకోరట.