పది నిమిషాల ప్రశాంతత, ఫీజులో కలిపే

మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లోకి ధ్యానం వచ్చినందుకు సంతోషించనివాడు విద్యాద్రోహి అని నా నిశ్చితాభిప్రాయం. పిల్లల మీద ఒత్తిడి పెరిగిపోతోందని లోకమంతా గోల పెడుతుంటే యాజమాన్యాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో వెతికే పనికిమాలిన పని నెత్తికెత్తుకోకుండా, పొమ్మని నేరుగా మైకులోనే చెప్పేశాయి. కళ్లు మూసుకో, ఊపిరి పీల్చు, వదులు. కళ్లు తెరిచేసరికి డైలీ టెస్ట్ పేపరు బల్ల మీద ఉంటుంది.

ఈ పది నిమిషాలు ఎక్కడినుంచి తేవాలన్నదే మొదట్లో వచ్చిన చిక్కు. ఫిజిక్స్ వాళ్లు ససేమిరా అన్నారు. మ్యాథ్స్ వాళ్లను అడిగే ధైర్యం ఎవరికుంది? స్టడీ అవర్ మీద చెయ్యి వేస్తే తల్లిదండ్రులే గేటు ముందు ధర్నాకు కూర్చుంటారు. వెతగ్గా వెతగ్గా, అడిగేవాడు లేని ఆస్తి ఒక్కటే దొరికింది: నిద్ర. అయిదింటి బెల్లు నాలుగూ యాభైకి జరిగింది. అలా నిద్రలో కోసి తెచ్చిన విశ్రాంతిని పిల్లలకు పంచిపెడుతున్నారు. అందులో ఎవడైనా నిజంగానే విశ్రాంతి తీసుకున్నాడో, ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఊరుకోడు. "లేవరా, నిద్రపోతున్నావా? ధ్యానం చెయ్!" అని భుజం మీద ఒక్కటి వేస్తాడు.

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ధ్యానం ఏడోది కదా, మొదటి ఆరూ ఏమయ్యాయని కొందరు శాస్త్రం తెలిసినవాళ్లు సణుగుతారు. అన్యాయం. ఇంద్రియాలను లోకంనుంచి వెనక్కి లాగే ప్రత్యాహారం హాస్టల్లో చేరిన రోజే పూర్తవుతుంది: ఫోను ఆఫీసులో, ఔటింగు రద్దు, కిటికీకి జాలీ. మొదటి అంగం యమం, అంటే చేయకూడనివి మానుకోవడం; అందులో బ్రహ్మచర్యానికీ లోటు లేదు. అబ్బాయిల క్యాంపస్ ఊరికి ఒక చివర, అమ్మాయిలది ఇంకో చివర. సత్యం దగ్గరే కాస్త తడబాటు. ఒకే ర్యాంకరు ఫొటో మూడు సంస్థల ఫ్లెక్సీల మీద నవ్వుతుంటుంది. అపరిగ్రహం, అంటే అక్కర్లేనిది పుచ్చుకోకపోవడం, అడ్మిషన్ల సీజన్లో కుదరదు. ఎనిమిదో అంగం సమాధి; ఆ పేరు మాత్రం ఏ క్యాంపస్‌లోనూ పైకి అనకపోవడమే మర్యాద.

బ్రిటన్ వాళ్లు 85 బడుల్లో ఎనిమిది వేల పైచిలుకు పిల్లల మీద ఈ సంగతి పరీక్షించి, 2022లో ఫలితం ప్రకటించారు. మామూలు పాఠాలకంటే ఈ మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఆ క్షణం మీదే మనసు నిలిపే ధ్యానం, పాఠాలతో ఒరిగిందేమీ కనిపించలేదట. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదట. లోపం ఎక్కడుందో నాకు చూడగానే తెలిసిపోయింది. అక్కడి పిల్లలు సాయంత్రం ఇంటికి పోతారు! మన దగ్గర ఆ బెడద లేదు.

ఢిల్లీ ప్రభుత్వం 2018లో తన బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆనందాన్నే పాఠంగా పెట్టింది. రోజూ ఒక పీరియడు, మొదట్లో కాస్త ధ్యానం, తర్వాత కథలు, కబుర్లు. బాగానే ఉంది గానీ దానికి పరీక్ష లేదు. పరీక్ష లేని ఆనందాన్ని మన వైపు ఎవరు చదువుతారండీ? అందుకని నా ప్రతిపాదన: ప్రతి ఆదివారం శాంతి గ్రాండ్ టెస్ట్ జరగాలి. నిశ్చలంగా కూర్చుంటే ప్లస్ నాలుగు, మనసు ఒక్కసారి అమ్మ మీదికి పోతే మైనస్ ఒకటి. ఫలితాలు రాత్రికల్లా తల్లిదండ్రుల వాట్సాప్‌లో పడాలి. అత్యంత ప్రశాంతులైన అరవై మందిని స్టార్ బ్యాచ్‌లోకి మార్చి, మిగతావాళ్లకు ఆ సంగతి రోజూ గుర్తు చేస్తుండాలి.

వంద మందీ ఆపైన విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో ఇచ్చిన తీర్పది. కౌన్సెలరంటే జీతం, గది, కుర్చీ. పైగా పిల్లలు చెప్పేది వింటాడు. విన్నాక టైంటేబుల్ మార్చమని కూడా అంటాడేమో. మైకులో గొంతుకు పీఎఫ్ కట్టక్కర్లేదు, అది ఎవరి మాటా వినదు. కోచింగ్ రోజుకు 5 గంటలు మించకూడదని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా మనవాళ్లు ఇంతే నిబ్బరంగా ఉన్నారు. మావి కాలేజీలు, కోచింగ్ సెంటర్లు కావు అన్నారు. ధ్యానం వల్ల కలిగే స్థితప్రజ్ఞత అంటే అది.

టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు అంటున్నారు. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే గుండెదడ తగ్గే మాటా నిజమే, అన్నం మానేసినవాడికి సోంపు వల్ల నోరు బాగుపడే మాట నిజమైనట్టే. కంటినిండా నిద్రపోనిచ్చి, సాయంత్రం ఒక గంట ఆటకు వదిలి, నెలకోసారి ఇంటికి పంపితే పిల్లలు వాళ్లంతట వాళ్లే కుదుటపడతారని ఒక పేరెంట్స్ మీటింగులో ఒక తల్లి లేచి అంది. కాదనలేం. అలా చేస్తే ధ్యానం పీరియడు అవసరమే ఉండదు. ఖాళీ అయ్యే ఆ పది నిమిషాల్లో కెమిస్ట్రీ స్లిప్ టెస్ట్ పెట్టుకోవచ్చా అని డీన్ గారు అప్పుడే రాసుకుంటున్నారు.