స్టెరాయిడ్ భయం ఉండాల్సిన చోట లేదు

మా కోనసీమలో పిల్లాడి మొహం ఉబ్బితే ముందు "ఒళ్ళు చేశాడు" అని మురిసిపోతారు. తీరా నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బని తేలి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాయగానే ఊరంతా డాక్టర్లైపోతారు. "పసివాడికి స్టెరాయిడా? మానిపించేయండి, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు." మా మేనల్లుడి విషయంలో ఈ సలహాలు విని విని విసుగెత్తిపోయింది.

అయ్యా, ఈ జబ్బులో రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో కారిపోతుంది. ఒంటికి నీరు పట్టేది అందుకే. ఎక్కువమంది పిల్లల్లో దాన్ని ఆపేది ఆ మాత్రే. మొదటిసారి మామూలుగా కిలో బరువుకి 2 మిల్లీగ్రాములు, రోజుకి 60 దాటకుండా, 6 వారాలు. తర్వాత తగ్గించి రోజు విడిచి రోజు. వాపు తీసింది కదా అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టడం ఒక్కటే కాదు. వారాల తరబడి వాడాక ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మందగించి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది.

అసలు భయపడాల్సింది జబ్బు పదేపదే తిరగబెడుతున్నప్పుడు. అప్పుడు మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టైనా ఉండదు! పాత చీటీ పట్టుకెళ్ళి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చేసుకుంటారు. అలా వాడుతూ పోతే పిల్లాడి ఎదుగుదల కుంటుపడొచ్చు, బీపీ పెరగొచ్చు, కంట్లో శుక్లాలూ రావచ్చు. స్టెరాయిడ్ తగ్గించడానికి లెవామిసోల్, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, టాక్రోలిమస్ లాంటి వేరే మందులున్నాయి. మొండికేస్తే రిటుక్సిమాబ్ ఉంది. లెవామిసోల్ ఒకప్పటి నులిపురుగుల మందే, అయినా తెల్లకణాల పరీక్ష చేయిస్తూ వాడాలి. దేనికుండే ఇబ్బంది దానికుంది. ఏది నప్పుతుందో పిల్లల కిడ్నీ డాక్టరు చెప్పాలి, చుట్టాలు కాదు.

మా అక్క పొద్దున్నే మొదటి మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రంగులతో పోల్చి నోటుపుస్తకంలో రాస్తుంది. పసుపుగా ఉంటే హాయి. ముదురు ఆకుపచ్చకి తిరిగితే ఇంటిల్లిపాదికీ టెన్షనే. వరసగా 3 రోజులు డబ్బా మీది రంగుల లెక్కలో 3 ప్లస్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తేనే తిరగబెట్టినట్టు లెక్క. జలుబు చేసిన ఒక్కరోజు రంగు మారిందని సొంతంగా మాత్రలు మొదలెట్టకూడదు. కానీ జ్వరంతో కడుపునొప్పి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పత్యం పేరుతో పప్పూ గుడ్డూ మానిపించేవాళ్ళకో దండం. వాపున్నప్పుడు తగ్గించాల్సింది ఉప్పు, అంటే ఆవకాయ, ఎండుచేపలు. ఈసారి డాక్టరు దగ్గరికెళ్తే ఆ నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఎత్తు కొలవమనండి, బీపీ చూడమనండి, జబ్బు పదేపదే తిరగబెడుతుంటే స్టెరాయిడ్ తగ్గించే మందు ఇంకా ఎందుకు మొదలెట్టలేదో మొహమాటపడకుండా అడగండి.