నీలం మూత కాదు కదా!

అమ్మానాన్నా అమెరికా వచ్చి నెల దాటింది. ఫీనిక్స్‌లో చూడాల్సిన గుళ్లు చూసేశారు, తినాల్సిన భోజనాలు తెలిసినవాళ్లందరి ఇళ్లలో తినేశారు. ఇక "ఏముందిరా ఈ ఊళ్లో, ఎండ తప్ప?" అనే దశకు వచ్చారు. గ్రాండ్ కాన్యన్ ఉందన్నాను.

"అదేంటి?"

"పెద్ద లోయ నాన్నా."

"లోయ కోసం అంత దూరమా? శ్రీశైలం దారిలో బోలెడు."

అమ్మ ఇబ్బంది వేరే. మోకాళ్ల నొప్పులతో కారులో నాలుగు గంటలు కదలకుండా కూర్చోలేదు. హోటల్ తిండి పడదు. పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుండి, ఇల్లే కదిలి వెళ్తే ఎలా ఉంటుందనిపించింది. నాలుగు రోజులకు ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుందామన్నాను. అమ్మ దానికి అప్పుడే 'బండిల్లు' అని పేరు పెట్టేసింది. నాన్న మాత్రం షరతు పెట్టారు. "డీజిలైతేనే వస్తా. పెట్రోలు బండి ఘాట్ ఎక్కదు."

నాన్న తెనాలి ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేశారు. డీజిల్ విషయంలో మా ఇంట్లో ఆయన మాటే సుప్రీంకోర్టు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు చేసినదాంట్లో తప్పులు వెతికినందుకు నాకు జీతం ఇస్తారు. కాబట్టి నేను ఏదీ ఊరికే కొనను, ఊరికే అద్దెకు తీసుకోను. ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాను. దీనికి 38 కాలమ్‌లు వచ్చాయి.

ఇక్కడ మోటార్‌హోమ్‌లను ఎ, బి, సి అని మూడు రకాలు చేశారు. ఎ అంటే మన లగ్జరీ బస్సంత. బి అంటే వ్యాను. సి ఏమో ఈ రెండింటికీ మధ్య. పెద్దది, చిన్నది, మధ్యది అనే వరసలో పేర్లు పెట్టినవాడు ఎవడో నాకు కనిపిస్తే ఒక బగ్ రాసి ఇద్దామని ఉంది. యూరప్‌లో అయితే డీజిల్ కోసం విడిగా వెతకక్కర్లేదట, ఎక్కువగా ఫియట్ డ్యుకాటో వ్యాను మీద కట్టినవే, దాదాపు అన్నీ డీజిలే. అమెరికా చిన్న బండ్లలో పెట్రోలుదే రాజ్యం. ఆ డ్యుకాటోకు ఇక్కడి చుట్టమైన రామ్ ప్రోమాస్టర్ పెట్రోలు, ఫోర్డ్ ట్రాన్సిట్ పెట్రోలు. డీజిల్ కావాలంటే తిరిగి తిరిగి మెర్సిడెస్ స్ప్రింటర్ చాసిస్ (ఇంజనూ చక్రాలూ ఉండే అడుగు చట్రం) దగ్గరికే రావాలి. దాని మీద 19 అడుగుల వ్యాను నుంచి 25 అడుగుల సి-రకం దాకా కట్టి అమ్ముతారు.

19 అడుగులది ఎక్కడైనా దూరుతుంది. కానీ అందులో టాయిలెట్టూ స్నానమూ ఒకే అరలో. కమోడ్ మీద మూత వేసి, అక్కడే నిలబడి షవర్ తిప్పుకోవాలి. ఫొటో చూసి అమ్మ కళ్లు మూసుకుంది. 25 అడుగులదాంట్లో స్నానానికి విడిగా ఒక మూల ఉంటుంది గానీ, గ్యాసు పొయ్యికీ దానికీ మధ్య దూరం రెండడుగులే. "అంటే నేను పోపు వేస్తుంటే పక్కన..." అని ఆగిపోయింది. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తి చేయలేదు.

ఇంకో వింత. చాలా బండ్లలో పడుకోవడానికి ఆరుగురికి చోటుంటుంది, సీటు బెల్టులు మాత్రం నలుగురికే. రాత్రికి ఆరుగురు పడుకోవాలంటే పగలు ఇద్దరు వెనకాల నడిచి రావాలన్నమాట. మేం ఐదుగురం. ఈ ఒక్క కాలమ్‌తో సగం బండ్లు ఎగిరిపోయాయి.

తర్వాత బరువు. స్ప్రింటర్ పెద్ద చాసిస్‌కు అన్నీ కలిపి 11,030 పౌండ్లు దాటకూడదు. ఇల్లంతా దాని మీద కట్టాక మనుషులకూ సామానుకూ మిగిలేది తక్కువే. ఎంతో తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. అందుకని ఇంట్లో అందరి బరువులూ అడిగాను. ఎవరూ నిజం చెప్పలేదు. నేను కూడా నా గడిలో పెళ్లినాటి బరువే వేసుకున్నాను. బియ్యం, పచ్చళ్లు, కుక్కర్, గ్రైండర్ మాత్రం ఔన్సులతో సహా తూచాను.

"కేఎంపీఎల్ ఎంత?" అడిగారు నాన్న. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని.

గ్యాలన్‌కు 15 మైళ్లు రావచ్చన్నాను. ఈ సైజు పెట్రోలు బండ్లు చాలావాటికి పది దాటడమే కష్టమని గర్వంగా చెప్పాను కూడా. ఆయన చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి లెక్కగట్టారు. "ఆరుంపావు పైన. మా పల్లెవెలుగు ఐదుంపావు ఇచ్చేది, యాభై మందితో. ఇది ఐదుగురికి ఆరా?" అని డైరీ మూసేశారు.

చివరికి కుదిరిన స్ప్రింటర్ బండి యజమాని తెల్లగడ్డం పెద్దాయన. తాళాలు ఇచ్చే ముందు అరగంటకు పైగా అన్నీ చూపించాడు. మంచినీళ్ల ట్యాంకు, స్నానం నీళ్ల ట్యాంకు, మూడోది (దాని సంగతి ఇక్కడ వద్దు). నేను మొత్తం ఫోన్‌లో వీడియో తీశాను. ఆయన అన్నిటికంటే గట్టిగా చెప్పింది నీలం మూత గురించి. అందులో డీఈఎఫ్ అని ఒక ద్రవం పోస్తారు, డీజిల్ పొగను శుభ్రం చేయడానికి. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది నీళ్లు. అది అయిపోతే బండి మళ్లీ స్టార్టు కానివ్వదట.

"యూరియానా? వరికి చల్లేదా?" నాన్న మొహం చూడాలి. "ఇంజనుకు ఎరువేంట్రా?"

ఆ నీలం మూతలో పొరపాటున డీజిల్ పోశావో, వేల డాలర్లు వదులుతాయన్నాడు పెద్దాయన. రెండుసార్లు చెప్పాడు. నేను ఆయన ఎదురుగానే షీటులో ఎర్ర రంగుతో 'నీలం మూత – వద్దు' అని రాసుకున్నాను.

బండి బాగానే ఎక్కింది. ఫీనిక్స్ 330 మీటర్ల ఎత్తున ఉంటే, 145 మైళ్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. దారంతా నాన్న ఇంజను చప్పుడు వింటూ తల ఊపుతూ కూర్చున్నారు, కచేరీకి వచ్చినట్టు. సగం ట్యాంకుతో బయల్దేరాం కాబట్టి ఫ్లాగ్‌స్టాఫ్‌లో డీజిల్ కొట్టిద్దామని పెద్ద బంకులోకి తిప్పాను. "డీజిల్ బండి, లారీల వైపు పెట్టు" అన్నారు నాన్న. పెట్టాను. మా వెనక ఒక పద్దెనిమిది చక్రాల లారీ వచ్చి ఆగింది.

లోపల డబ్బు కట్టి వచ్చి, డ్రైవర్ తలుపు దగ్గరికి వేసి, డీజిల్ మూత కోసం చూశాను. తలుపు వెనకాలే గోడకు ఒక నలుచదరపు గీత ఉంది. నొక్కితే రాలేదు, గోరు పెట్టి లాగితే రాలేదు. లోపల మీటా స్విచ్చా ఏదీ లేదు. ఇది అలంకారం అయ్యుంటుందనుకున్నాను.

ఇక బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఈ బండికి బయట ఉన్నన్ని తలుపులు మా ఊళ్లో జమీందారు మేడకు కూడా లేవు. ఒకటి తీస్తే కరెంటు తీగ. ఇంకొకటి తీస్తే గ్యాసు సిలిండరు. ఇంకొకటి తీస్తే షవరు, బయట స్నానానికట. నాలుగోది తీసి వెంటనే మూసేశాను, అది ఆ మూడో ట్యాంకు గొట్టం. మా వాడికి తొమ్మిదేళ్లు, నా వెనకే తిరుగుతూ "నాట్ దిస్ వన్ నాన్నా" అని లెక్కపెడుతున్నాడు. వెనక లారీ ఒక హారన్ కొట్టింది. మర్యాదగానే కొట్టాడు గానీ నా చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు కనిపించింది. గుండ్రటి తెల్ల మూత, మధ్యలో తాళం కన్ను. తాళాల గుత్తిలో ఒక చిన్న తాళం చెవి దానికి చక్కగా సరిపోయింది, తిరిగింది, మూత ఊడింది. లోపల గొట్టం కిందికి పోతోంది. తాళం వేసి దాచారంటే విలువైనదే అయ్యుండాలి.

"నీలం మూత కాదు కదా?" అడిగారు నాన్న కిటికీలోంచి.

"తెల్లది నాన్నా."

"అయితే కానీ."

లారీల పంపు గొట్టం మన బంకుల్లో ఉండేదానికంటే లావు. అయినా ఎంత కుదురుగా పట్టిందో ఆ కన్నంలో! మీట నొక్కాను. లారీ ట్యాంకులు నింపే పంపు కదా, ఉస్సుమని దిగిపోతోంది.

"ఓ భాయ్ సాబ్! రుకో, రుకో! వో పానీ కా హై!"

వెనక లారీ డ్రైవర్ సర్దార్జీ. దూకి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. మీట వదిలేసి మీటరు చూశాను, నాలుగు గ్యాలన్లు. మూత తిప్పి చూశాను. దాని మీద పొంగుడు అక్షరాలు, రంగు లేకుండా తెలుపు మీద తెలుపు: పోటబుల్ వాటర్ ఓన్లీ. తాగే నీళ్లకు మాత్రమే.

38 కాలమ్‌లు రాసినవాణ్ణి, మూడు పదాలు చదవలేదు.

నాన్న ఏమీ అనలేదు. మెల్లగా దిగొచ్చి, డ్రైవర్ తలుపు బార్లా తెరిచి, నేను అలంకారం అనుకున్న ఆ చదరాన్ని వేలితో లాగారు. తలుపులా తెరుచుకుంది. డ్రైవర్ తలుపు మూసి ఉంటే దాని అంచు అడ్డం పడి అది తెరుచుకోదు, అంతే. ఆ నలుపు మూత ఊడదీసి లావు గొట్టం పెట్టబోతే, అది పట్టలేదు. నీళ్ల కన్నంలో పట్టింది గానీ డీజిల్ కన్నంలో పట్టలేదు! బండిని మళ్లీ కార్ల వైపు తీసుకెళ్లాల్సి వచ్చింది.

యజమానికి ఫోన్ చేశాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా నెమ్మదిగా, "నీళ్ల పంపు స్విచ్ ముట్టుకోవద్దు" అన్నాడు. పంపు వేస్తే ఆ నీళ్లు గొట్టాల్లోకీ గీజర్‌లోకీ పోతాయి. ప్లాస్టిక్ ట్యాంకుకు పట్టిన డీజిల్ వాసన ఎన్నిసార్లు కడిగినా వదలదు కాబట్టి ట్యాంకు ఎలాగూ మార్చాలట, కనీసం గొట్టాలైనా మిగిలితే నీకే మంచిదన్నాడు. నా డిపాజిట్ అక్కడే, ఫ్లాగ్‌స్టాఫ్ బంకులోనే సమాప్తం.

ఆ నీళ్లను ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు కూడా. 20 గ్యాలన్ల నీళ్లూ 4 గ్యాలన్ల డీజిలూ, దాదాపు 88 కిలోలు. ఐదుగురికి లెక్కగట్టిన బండిలో ఆరో మనిషి ఎక్కాడు. నాలుగు రోజులూ వాణ్ణి మోసుకుని తిరిగాం.

ఈలోగా నాన్నా సర్దార్జీ స్నేహితులైపోయారు. నాన్న హిందీ డిపో హిందీ, అయినా డీజిల్ భాషకు వ్యాకరణం అక్కర్లేదు. ఆయన లారీ గ్యాలన్‌కు ఆరున్నర మైళ్లిస్తుందట. నాన్న డైరీ తీసి, "రెండు ముప్పావు" అని రాసుకుని, చాలా తృప్తిగా ఆయన భుజం తట్టారు. వెళ్లబోతూ సర్దార్జీ రెండు నీళ్ల క్యాన్లు దించి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

మిగతా నీళ్లు, ఒక బకెట్టు, ఒక ప్లాస్టిక్ మగ్గు దుకాణంలో కొన్నాం. బకెట్టు చూడగానే అమ్మ మొహం వెలిగింది. అంత డబ్బు పోసి తెచ్చుకున్న బండిలో షవర్ కట్టేసి, చెంబు స్నానాలు మొదలయ్యాయి. మా ఆవిడ మాత్రం గ్రాండ్ కాన్యన్‌లో మేం బండి నిలిపిన మాదర్ క్యాంప్‌గ్రౌండ్ పక్కన డబ్బులిచ్చి స్నానం చేసే చోటికి పోయి వచ్చేది. పోతూ నా వైపు ఒక చూపు చూసేది. రెండో రోజు అమ్మ లోపల పులిహోరకు ఎండుమిరపకాయల పోపు వేసేసరికి పొగ అలారం మోగి, పక్క బండ్ల వాళ్లు చెప్పులు లేకుండా బయటికొచ్చారు. అప్పట్నుంచి పోపు బయట చెక్క బల్ల మీదే. అదే మంచిదైంది, ఆవిడ సగంలో ఆపిన వాక్యంతో ఇక పని పడలేదు.

లోయ అంచున నాన్న పది నిమిషాలు మాట్లాడలేదు. 446 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర దాటిన లోతు అని నేను చెబుతున్నా వినలేదు.

"ఇదంతా నీళ్లు చేసిన పనేనంటావా?"

"అవును నాన్నా, కొలరాడో నది. యాభై అరవై లక్షల ఏళ్లు."

"చేస్తాయి. నీళ్లు ఎంత పనైనా చేస్తాయి, వాటిలో ఏమీ కలపకపోతే."

ఆ రాత్రి పై అరలో పడుకుని, బండి తీసుకునేటప్పటి వీడియో చూశాను. ఇరవై రెండో నిమిషంలో ఉంది. పెద్దాయన చేత్తో చూపిస్తూ, డీజిల్ పోసేటప్పుడు ముందు డ్రైవర్ తలుపు తెరవాలి అంటున్నాడు. ఆ మాట మీదే నా గొంతు వినిపిస్తోంది: "ఎస్ ఎస్, ఐ నో."

తిరిగొచ్చాక నాన్న డైరీతో కూర్చున్నారు. తిరిగింది 480 మైళ్లు, కొన్నది 36 గ్యాలన్లు. నేను ఫోన్‌లో లెక్క చేసి, లీటరుకు 5.7 వచ్చిందన్నాను.

"కొన్నదంతా ఎలా వేస్తావురా? ఇంజనులోకి పోనిది కేఎంపీఎల్‌లోకి రాదు." 32 గ్యాలన్లకు మళ్లీ లెక్కగట్టి 6.4 అని రాసి, కింద గీత గీశారు. "బండిది తప్పేం లేదు. దానికి చెడ్డపేరు తేకు."

ఆ గీత కింద ఇంకో లైను రాశారు, డిపో రిజిస్టర్లో రాసినట్టే గుండ్రటి చేతిరాతతో. 'నష్టం: 4 గ్యాలన్లు. బాధ్యుడు: డ్రైవరు.' పక్కన చిన్న గడి గీసి, డైరీని నా వైపు తిప్పి పెన్ను అందించారు.

"సంతకం పెట్టు."