‘తుగ్లక్’ కోటలో పుట్టలేదు, ఎమర్జెన్సీ కోసం రాయలేదు

ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద గిరీశ్ కర్నాడ్ రాసిన ‘తుగ్లక్’ నాటకం గురించి ఒక ఫార్వర్డ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. నాటకమంటే ప్రాణం పెట్టే మిత్రులే దాన్ని పంపుతున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఇందిరాగాంధీ ఎమర్జెన్సీని ఎండగట్టడానికి కర్నాడ్ దీన్ని హిందీలో రాశారట. దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీ పురానా ఖిలాలో మొదటిసారి ఆడించారట. నిజమైన కోట లేకపోతే ఈ నాటకం ఆడలేరట. తమిళ నటుడు, రచయిత చో రామస్వామి దీన్నే తమిళంలోకి తెచ్చి సినిమా తీశారట. తెలుగు గ్రూపులకు వచ్చేసరికి ఇంకో ముక్క కూడా చేరింది, నాటకంలో మన ఓరుగల్లు ముట్టడి కూడా ఉందని.

ముందు భాష సంగతి. ‘తుగ్లక్’ కన్నడ నాటకం. 1964లో ధార్వాడ మనోహర గ్రంథమాల అచ్చు వేసింది. అప్పటికి కర్నాడ్‌కు 26 ఏళ్లు. ఢిల్లీ వాళ్లు విన్న హిందుస్తానీ మాటలు బి.వి. కారంత్‌వి. చిన్న వయసులోనే ఇల్లు వదిలి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, తర్వాత నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుకున్న మనిషి ఆయన. కంపెనీ నాటకమూ తెలుసు, ఢిల్లీ రంగస్థలమూ తెలుసు. అలాంటి అనువాదకుడి పేరు లేకుండా ‘హిందీలో రాశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఒక నాటకం భాష దాటి వచ్చి నిలబడిందంటే అందులో సగం కష్టం అనువాదకుడిది. పోస్టర్ మీద చిన్న అక్షరాల్లోనైనా ఉండే ఆ పేరు ఫార్వర్డ్‌లో అసలే లేదు.

తొలి ప్రదర్శన మాటా తప్పే. 1966లోనే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా విద్యార్థులు దీన్ని ఆడారు. 1970లో బొంబాయిలో అలీక్ పదమ్సీ ఇంగ్లీషులో వేశారు. ఆయన అడిగితే కర్నాడే స్వయంగా ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. తుగ్లక్‌గా కబీర్ బేడీ. పురానా ఖిలా ప్రదర్శన ఆ తర్వాతిది. అల్కాజీ దర్శకత్వం, మనోహర్ సింగ్ నటన కలిసి దానికి ఎంత పేరు తెచ్చాయంటే, జనం మనసులో మిగతావన్నీ చెరిగిపోయాయి. ఆ కీర్తి దానికి దక్కవలసిందే, నేను కాదనను. కానీ గొప్ప ప్రదర్శన వేరు, మొదటి ప్రదర్శన వేరు. కన్నడ వాళ్లను అడిగితే తుగ్లక్ అనగానే ఆ పాత్ర వేసిన సి.ఆర్. సింహ పేరు చెబుతారు.

ఎమర్జెన్సీ సంగతికి పెద్ద వాదన అక్కర్లేదు. అది 1975 జూన్ 25న వచ్చింది. నాటకం అచ్చయి అప్పటికి 11 ఏళ్లు. పురానా ఖిలా ప్రదర్శన కూడా ఎమర్జెన్సీకి ముందుదే. తుగ్లక్ కథ తన కాలానికి చాలా దగ్గరగా అనిపించిందని, గొప్ప ఆదర్శాలతో మొదలైన పాలన ఇరవై ఏళ్లలో చెదిరిపోవడం నెహ్రూ యుగాన్ని గుర్తుచేసిందని కర్నాడే చెప్పారు. ఎమర్జెన్సీ తర్వాత చూసినవాళ్లకు ఆ మాటలు ఇంకోలా తగిలి ఉండొచ్చు. అయినా తేదీలు మారవు కదా.

చో రామస్వామి ‘తుగ్లక్’ పూర్తిగా వేరు. అది ఆయన సొంతంగా రాసుకున్న రాజకీయ వ్యంగ్యం. 1971లో సినిమా అయింది. కర్నాడ్ నాటకంతో పేరు తప్ప మరేమీ కలవదు.

ఓరుగల్లు ముక్కలో సగం నిజముంది. 1323లో కోటను పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీగా పంపిన ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. కానీ నాటకం మొదలయ్యేది 1327లో, ఢిల్లీలో. ఆ ముట్టడి వేదిక మీదికి రాదు.

ఇక కోట. అసలు పురానా ఖిలా తుగ్లక్ కట్టించినది కాదు. హుమాయూన్, షేర్ షా కాలపు కట్టడం, అంటే రెండు వందల ఏళ్ల తర్వాతది. 2012లో భానుభారతి ఇదే నాటకాన్ని ఫిరోజ్ షా కోట్లాలో వేశారు. అదీ తుగ్లక్ తర్వాత గద్దెనెక్కిన ఫిరోజ్‌దే. కర్నాడ్ రాసింది కోట కోసం కాదు, తెరల కోసం. చిన్నప్పుడు చూసిన కంపెనీ నాటకాల పద్ధతిని మనసులో పెట్టుకుని రాశానని ఆయనే చెప్పారు. సురభి నాటకాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి వివరించనక్కర్లేదు. ముందు వీధి తెర దించి హాస్యగాళ్ల సీను నడిపిస్తారు, ఈలోపు వెనక దర్బారు సెట్టు సిద్ధమవుతుంది. ‘తుగ్లక్’లో లోపలి వేదిక సుల్తానుది. ముందు వేదిక బట్టలుతికే అజీజ్‌ది, అతని జతగాడు ఆజమ్‌ది. బ్రాహ్మణ వేషం వేసి సుల్తాను న్యాయం మీదే బతికేవాడు అజీజ్. దొంగనాణేలు చేస్తాడు, దారిదోపిడీలు చేస్తాడు, ఖలీఫా వంశస్థుణ్ణి చంపి అతని వేషంలో రాజధానిలోకి వస్తాడు. సీను సీనుకూ వీధి తెర నుంచి దర్బారు వైపు జరుగుతూ, పదమూడో సీనులో సుల్తానుకు ఎదురుగా నిలబడి తన మోసాలన్నీ తనే చెప్పుకుంటాడు. సుల్తాను అతణ్ణి చంపించడు, దక్కనులో ఉద్యోగం ఇచ్చి పంపుతాడు.