మేడ మీద 36 ప్రశ్నలు

పెళ్లిచూపుల్లో అబ్బాయినీ అమ్మాయినీ మేడ మీదికి పంపి, మాట్లాడుకోమని ఇచ్చే ఆ పది నిమిషాలు ఎందుకూ కొరగావు. ముందు ఎవరు నోరు విప్పాలో తేలేసరికే సగం టైమైపోతుంది. మిగతా సగంలో "మీ హాబీస్ ఏంటి?" అని ఒకరంటే, "పాటలు వింటాను" అని ఇంకొకరు. ఇంతలో కింద నుంచి కేక.

మా మేనల్లుడు మాత్రం ప్రిపేరై వచ్చాడు. అమెరికాలో ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టు బృందం 1997లో ఒక ప్రయోగం గురించి రాసింది. ముక్కూమొహం తెలియని ఇద్దర్ని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిస్తే, ముప్పావుగంటలో బాగా దగ్గరయ్యారట. ప్రశ్నలు పన్నెండేసి చొప్పున మూడు విడతలు. మొదట తేలికవి, పోనుపోను లోపలి మాటలు. ఒకరు కొంత చెబితే రెండోవారూ కొంత చెప్పాలి. కిటుకంతా ఆ వరుసలోనే ఉంది.

"జాతకంలోనూ గుణాలు 36యే కదా మావయ్యా, పంతులుగారు 24 కలిశాయన్నారు. మిగతావి నేను కలుపుకుంటా" అన్నాడు కారులో. ముప్పావుగంట సరుకు పది నిమిషాల్లో కుక్కాలి కాబట్టి, నేరుగా మూడో విడతలోకి దూకాడు.

తెనాలిలో వాళ్ల మేడ మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. నీళ్ల ట్యాంకు నీడలో అమ్మాయి అమ్మమ్మగారు కర్ర పట్టుకుని కాకులకు కాపలా కూర్చున్నారు. ఈ సంగతి మావాడు చూసుకోలేదు.

"మీరు చివరిసారి ఎవరి ముందు ఏడ్చారు?"

అమ్మాయి ఒక్క క్షణం తడబడి, "మా మేనేజర్ ముందు. లీవివ్వనన్నాడు. మీరో?"

"నా రూమ్మేట్ ముందు. హోమ్ లోన్ స్టేట్‌మెంట్ చూసి. మూడేళ్లుగా కడుతున్నా అసలు కదల్లేదండీ, అంతా వడ్డీకే పోయింది."

సరిగ్గా అప్పుడే కింద మా అక్క, "ఫ్లాటు సొంతమే వదినగారూ, రూపాయి అప్పు లేదు" అంటోంది.

అంతటితో ఆగినా బాగుండేది. "మీ ఇంట్లో ఎవరు పోతే మీకు ఎక్కువ బాధ?" అన్నాడట. ఆ ప్రశ్న నిజంగానే ఆ లిస్టులో ఉంది, 35వది. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మగారు మెట్లు ఎలా దిగారో తెలీదు గానీ, మా పకోడీలు చల్లారకముందే హాల్లో ఉన్నారు.

"శుభమా అని వచ్చి, ఎవరు పోతే బాధ అని అడుగుతున్నాడర్రా! ఫ్లాటు మీద అప్పు కూడా ఉందట!"

మా అక్క మొహం చూడలేక నేను గోడ మీది క్యాలెండర్‌లో రాహుకాలం చూశాను. అమ్మాయి నాన్నగారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు విప్పేలోపే అమ్మమ్మగారికి ఏం తోచిందో, తాతగారి వైపు తిరిగారు.

"అవునూ, ఏవండీ, ఎవరు పోతే మీకు ఎక్కువ బాధ?"

తాతగారు రిటైరైన లెక్కల మాస్టారు. చేతిలో పకోడీ ప్లేట్లో పెట్టేశారు. "ఉన్నవాళ్లలోనేనా?"

"ఉన్నవాళ్లలోనే."

"అయితే మా అన్నయ్య."

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"పోనీ, నా ముందు ఎప్పుడైనా ఏడ్చారా?"

"మన పెళ్లిలో. నువ్వు హోమం పొగ వల్ల అనుకున్నావు."

ఇంతలో పిల్లలిద్దరూ నవ్వుకుంటూ దిగారు. అమ్మాయి వాళ్ల నాన్నతో, "నాకు ఓకే నాన్నా. అప్పుందని తనంతట తనే చెప్పాడు" అంది. మాకందరికీ ప్రాణం లేచివచ్చింది.

నిశ్చితార్థం మాత్రం ఇంకా కుదరలేదు. అమ్మాయి తరఫున పీటల మీద ఆ ముసలి దంపతులే కూర్చోవాలట. అమ్మమ్మగారేమో, ఆయన పక్కన వాళ్ల అన్నయ్యనే కూర్చోబెట్టుకోమంటున్నారు.